లాబ్రడార్ పేరుతో అమ్మే ప్రతి కుక్కపిల్లకూ కొలత, చిప్పు, రసీదు ఉండాల్సిందే: ఒక బహిరంగ లేఖ

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పశుసంవర్ధక శాఖ అధికారులకు,
రాష్ట్ర జంతు సంక్షేమ మండలి సభ్యులకు,
డాగ్ షోలు పెట్టేవారికి,
లాబ్రడార్లను ఈనించి అమ్మేవారికి,

నమస్కారం.

మేం ఈ రెండు ఉమ్మడి జిల్లాల్లో లాబ్రడార్లను పెంచేవాళ్లం, వాటికి వైద్యం చేసేవాళ్లం, శిక్షణ ఇచ్చేవాళ్లం. జాతి కుక్కల అమ్మకాలకు ఇప్పటికే నిబంధనలు ఉన్నాయి, వాటిని అమలు చేయండని అర్జీ పెట్టుకున్నాం. ఒక కార్యాలయంలో ఇది మా పరిధి కాదు, ఫలానా చోట అడగండి అన్నారు. అక్కడికి పోతే మాది వీధికుక్కల సంగతి వరకే అన్నారు. అర్జీ మీద ముద్ర పడింది గానీ జవాబు రాలేదు. అందుకని ఇప్పుడు నలుగురూ చదివేటట్టు రాస్తున్నాం.

లాబ్రడార్ ఎట్లుండాలో సెంటీమీటర్లతో సహా రాసిపెట్టి ఉంది, దాన్నే జాతి ప్రమాణం అంటారు. చూసుకోవడానికి టేపు, కాటా, రెండు చేతులు చాలు. అయినా మన దగ్గర కొనేవారు కొలవరు, అమ్మేవారు కొలవనివ్వరు, అడగాల్సినవారు అడగరు. ఫోన్‌లో వచ్చిన ఫొటో చూసి బయానా పంపి, పది పదిహేను వేలు పోసి పిల్లను ఇంటికి తెచ్చుకున్న కుటుంబం ఆరు నెలలు తిరక్కుండానే దవాఖానాల చుట్టూ తిరుగుతోంది. వివరాలు ఇవి.

1. ప్రమాణంలో ఏముంది

లాబ్రడార్ పూర్వీకులు కెనడా తూర్పు తీరాన న్యూఫౌండ్‌లాండ్‌లో జాలర్లతో పాటు చల్లటి నీళ్లలో పనిచేసిన కుక్కలు. 19వ శతాబ్దంలో బ్రిటన్‌కు చేరాక, వేటలో తుపాకీ దెబ్బకు పడిన పక్షిని నలగకుండా నోట పట్టి తెచ్చే పనికి అక్కడివాళ్లు వాటిని తీర్చిదిద్దుకున్నారు. 1903లో బ్రిటన్‌లో జాతి కుక్కలను నమోదు చేసే కెన్నెల్ క్లబ్ ఈ జాతిని గుర్తించింది. అంతర్జాతీయ కుక్కల సమాఖ్య ఎఫ్‌సీఐ దగ్గర దీని ప్రమాణం నంబరు 122. బ్రిటన్ ఈ జాతి పుట్టిల్లు కాబట్టి ఆ రాత కూడా అక్కడిదే.

ఎత్తు: మగది 56 నుంచి 57 సెంటీమీటర్లు, ఆడది 54 నుంచి 56. అమెరికన్ కెన్నెల్ క్లబ్ కొంచెం ఉదారం. మగదానికి 22.5 నుంచి 24.5 అంగుళాలు, అంటే 57 నుంచి 62 సెంటీమీటర్లు. ఆడదానికి 21.5 నుంచి 23.5 అంగుళాలు. పనిచేసే ఒడుపులో ఉన్న కుక్కకు అమెరికా వాళ్లు బరువు కూడా రాశారు: మగది సుమారు 29 నుంచి 36 కిలోలు, ఆడది 25 నుంచి 32 కిలోలు. బ్రిటిష్ రాతలో బరువు అంకె లేదు. దాని బదులు మొదటి వాక్యంలోనే, గట్టి శరీరకట్టు ఉన్న, బాగా చురుకైన కుక్క అని చెప్పి, అతి బరువుకూ అతి లావుకూ ఇందులో చోటు లేదని తేల్చేసింది. ఈ వాక్యాన్ని మన షోలలో ఎవరైనా గట్టిగా చదివి వినిపిస్తే బాగుండు.

మిగతా వివరాలు ఆ పని నుంచి పుట్టినవే. బొచ్చు పొట్టిగా, దట్టంగా, చేతికి కాస్త గరుకుగా ఉండాలి. అలలు ఉండొద్దు, కుచ్చులు వేలాడొద్దు. పైపొర కింద నీళ్లనూ చలినీ ఆపే మెత్తటి లోపలి పొర ఉండాలి. తోక మొదట్లో బాగా లావుగా ఉండి చివరికి పోయేకొద్దీ సన్నబడాలి, చుట్టూ పొట్టి బొచ్చే ఉండాలి. దీన్నే నీటికుక్క (ఆటర్) తోక అంటారు. ఉత్సాహంగా పైకెత్తినా తప్పు లేదు, వీపు మీదికి మాత్రం చుట్టుకోవద్దు. తల వెడల్పుగా, కళ్ల మధ్య మెట్టు స్పష్టంగా ఉండాలి. కళ్లు గోధుమ లేదా లేత గోధుమ (హేజెల్) రంగువి. పై పళ్లు కింది పళ్ల ముందుకు ఆనుకుంటూ కత్తెరలా మూసుకోవాలి. ఛాతీ వెడల్పుగా, లోతుగా, పక్కటెముకలు పీపా ఆకారంలో ఉండాలి. వీపు గీత సమంగా, పాదాలు గుండ్రంగా, వేళ్లు దగ్గరగా వంపు తిరిగి ఉండాలి. మగదానికి రెండు వృషణాలూ సంచిలోకి పూర్తిగా దిగి ఉండాలి.

2. కొలవడం ఎట్లా

ఎత్తు అంటే తల దాకా కాదు. రెండు భుజాల ఎముకలు పైన కలిసే చోట, మెడ వీపుతో కలిసే దగ్గర, చేతికి తగిలే ఎత్తు భాగం నుంచి నేల దాకా. కుక్కను గోడ పక్కన సమంగా ఉన్న గచ్చు మీద నిలబెట్టాలి. ముందుకాళ్లు భుజాల కిందికి నిటారుగా రావాలి, తల మామూలుగా ఉండాలి. వడ్రంగి మూలమట్టం ఒక అంచును గోడకు ఆనించి, రెండో అంచు భుజాల మీద తాకేదాకా దించి, గోడ మీద గీత గీసి టేపుతో కొలవాలి. తల వంచినా, ఒక పక్కకు ఒరిగినా రెండు సెంటీమీటర్ల తేడా ఇట్టే వస్తుంది. కాబట్టి మూడుసార్లు కొలిచి మధ్య అంకె తీసుకోవాలి. పన్నెండు నెలలు నిండని కుక్క ఎత్తును ప్రమాణంతో పోల్చడం దండగ.

బరువుకు ఎరువుల దుకాణంలోనో రైస్ మిల్లులోనో ఉండే ప్లాట్‌ఫాం కాటా చాలు. పిల్లనైతే ఎత్తుకుని నిలబడి తూచి, మన బరువు తీసేయాలి.

అంకె కన్నా నమ్మదగింది చేయి. పక్కటెముకల మీద వేళ్లు తేలిగ్గా జరపండి. అరచేయి తెరిచి బోర్లా పెట్టి వెనకవైపు తడిమితే ఎముకలు ఎట్లా తగులుతాయో అట్లా తగలాలి. పిడికిలి గట్టిగా బిగించి కణుపులు తడిమినట్టుంటే బక్కది, అరచేతి వైపు తడిమినట్టు ఏమీ తగలకపోతే కొవ్వెక్కువ. పైనుంచి చూస్తే పక్కటెముకల వెనక నడుము లోపలికి పోవాలి, పక్కనుంచి చూస్తే పొట్ట వెనక్కి పోయేకొద్దీ పైకి లేవాలి. వైద్యులు వాడే తొమ్మిది మెట్ల కొలబద్దలో 4 లేదా 5 అంటే ఇదే.

3. ఇక్కడ అమ్ముతున్నది ఏమిటి

"అన్నా, డబుల్ బోన్ పిల్ల. తండ్రి ఛాంపియన్. రేపటికి ఉండది." నల్లగొండలో అయినా, మిర్యాలగూడలో అయినా, జడ్చర్లలో అయినా, గద్వాలలో అయినా ఇదే మాట. డబుల్ బోన్ అనే మాట ఏ ప్రమాణంలోనూ లేదు. హెవీ బోన్, పంచ్ ఫేస్, ఇంపోర్టెడ్ లైన్ కూడా ధర పెంచే మాటలే.

ఈ మాటల వల్ల రెండు రకాల కుక్కలు తయారవుతున్నాయి. ఒకటి, కాళ్లు పొట్టి, ఛాతీ నేలను తాకేటట్టు, మెడ కింద చర్మం వేలాడుతూ 42, 45 కిలోలు తూగేది. దాన్ని చూసి గట్టి కుక్క అంటున్నారు. ముట్టుకుంటే నడుము మీద కొవ్వు మందంగా చేతికొస్తుంది. పది నిమిషాలు పరుగెత్తిస్తే నాలుక పక్కకు వేలాడేసి కూలబడుతుంది. రెండోది, 65 సెంటీమీటర్లు దాటిన పొడుగు కాళ్లది, సన్నటి ఎముక, కోసుగా సాగిన మూతి, వీపు మీదికి చుట్టుకునే సన్న తోక. ఇది తరచుగా రెండు మూడు జాతుల కలయిక. కాళ్ల వెనకా తోక కిందా కుచ్చులు వేలాడుతుంటే గోల్డెన్ రిట్రీవర్ పోలిక ఉందనుకోవచ్చు.

ఇక్కడ ఒక విషయం తెగేసి చెప్పాలి. ప్రమాణానికి తూగని కుక్కను తక్కువ చేయమని మేం అనడం లేదు. మగ లాబ్రడార్ 60 సెంటీమీటర్లు ఉంటే బ్రిటిష్ లెక్కలో ఎక్కువ, అమెరికా లెక్కలో సరిగ్గా సరిపోతుంది. దాని ఆరోగ్యానికీ గుణానికీ వచ్చే లోటు లేదు. ఛాతీ మీద చిన్న తెల్ల మచ్చను ప్రమాణమే ఒప్పుకుంటుంది. కలగలుపు కుక్క కూడా మంచి కుక్కే, మన ఊరి కుక్కయితే ఈ ఎండలకు లాబ్రడార్ కన్నా నయంగా తట్టుకుంటుంది. కలగలుపుదాన్ని కలగలుపుదని చెప్పి ఇస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు. దాన్ని లాబ్రడార్ ధరకు అమ్మడమే మోసం. తేడాల్లో ఏది ప్రమాదం, ఏది కాదు అన్నది కొనేవాళ్లకు ఎవరూ చెప్పడం లేదు. ఎత్తు, మచ్చ, తోక అందానికి సంబంధించినవి. బరువు, తుంటి, మోచేయి, కళ్లు కుక్క బతుకుకు సంబంధించినవి.

4. రంగుల వ్యాపారం

ఒప్పుకున్న రంగులు మూడే: నలుపు, పసుపు, చాక్లెట్. పసుపులో లేత మీగడ రంగు నుంచి నక్క ఎరుపు దాకా అన్నీ వస్తాయి. కాబట్టి వైట్ లాబ్ అన్నా, ఫాక్స్ రెడ్ అన్నా, అరుదైనదని ఎక్కువ అడిగినా, అది పసుపు లాబ్రడారే. సిల్వర్, చార్‌కోల్, షాంపేన్ అనేవి ఈ మూడింటిలో లేవు.

కాగితాలు నిజమా కాదా అని పసిగట్టడానికి రంగు బాగా పనికొస్తుంది. తల్లీ తండ్రీ ఇద్దరూ పసుపయితే పిల్లలన్నీ పసుపే పుట్టాలి. ఇద్దరూ చాక్లెట్ అయితే చాక్లెట్ లేదా పసుపు పుడతాయి, నల్లది పుట్టదు. పసుపు జంట అని రాసిన కాగితంతో నల్లపిల్లను ఇస్తుంటే ఆ కాగితం ఆ పిల్లది కాదు. నల్ల జంటకు మాత్రం మూడు రంగులూ పుట్టొచ్చు, అందులో అనుమానించాల్సింది లేదు.

చాక్లెట్‌కు ఇక్కడ గిరాకీ ఎక్కువ కాబట్టి ఇంకో మాట. బ్రిటన్‌లో పశువైద్యుల రికార్డుల మీద 2018లో ప్రచురితమైన అధ్యయనంలో చాక్లెట్ లాబ్రడార్ల మధ్యస్థ ఆయుష్షు 10.7 ఏళ్లు, మిగతా రంగులవి 12.1 ఏళ్లు. రంగు కోసమే దగ్గరి సంబంధాల్లో జత కట్టించడం కూడా కారణం కావచ్చని ఆ పరిశోధకుల అనుమానం.

5. నెల పిల్లలు

"నెల పిల్ల అయితెనే మాలిమి అయితది సార్" అని అమ్మేవాళ్లు చెబుతారు. నిజం దీనికి ఎదురు. మూడో వారం నుంచి ఎనిమిదో వారం దాకా పిల్ల తల్లి దగ్గర, తోటి పిల్లల దగ్గర ఎంత గట్టిగా కొరకొచ్చో, ఎక్కడ ఆగాలో నేర్చుకుంటుంది. ముందే విడదీస్తే ఆ పాఠం ఇంట్లో పిల్లల చేతుల మీద నేర్చుకుంటుంది. నెల పిల్లను ఎందుకు అమ్ముతారంటే, ఆ తర్వాత దాణా, నులిపురుగుల మందు, మొదటి టీకా ఖర్చు అమ్మేవారి మీద పడుతుంది కాబట్టి.

వయసు పళ్లు చెబుతాయి. పాలపళ్లు మొత్తం 28. మూడు నాలుగు వారాలకు ముందుపళ్లు, కోరలు బయటికి రావడం మొదలవుతుంది. ఎనిమిది వారాలకు దవడ పక్కల చిన్న పళ్లు కూడా వచ్చేస్తాయి. నోరు తెరిచి చూస్తే పక్క చిగుళ్లు బోడిగా ఉంటే, టీకా పుస్తకంలో ఎనిమిది వారాలని రాసినా నమ్మొద్దు. ఆ పుస్తకంలో టీకా సీసా లేబుల్, బ్యాచ్ నంబరు, వైద్యుడి సంతకం, ముద్ర ఉండాలి. తారీఖు ఒక్కటే పెన్నుతో రాసి ఉంటే దానికి విలువ లేదు.

మొదటి టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య, ఆ తర్వాత మూడు నాలుగు వారాలకోసారి పదహారు వారాలు నిండేదాకా, రేబిస్ టీకా మూడు నెలలకు. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ మిగిలి ఉంటే టీకా పట్టదు, ఆ రక్షణ ఎప్పుడు పోతుందో ఒక్కో పిల్లలో ఒక్కో తీరు. అందుకే ఇన్నిసార్లు వేయాల్సి వస్తుంది. ఒక డోసు వేసి "వ్యాక్సిన్ అయిపోయింది" అని అమ్మిన పిల్లే పార్వో అనే వైరస్ జబ్బుతో రక్తపు విరేచనాలు పెట్టుకుని దవాఖానాకు వస్తోంది. టీకాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. మే నెలలో బ్యాగులో పెట్టి మోటార్‌సైకిల్ మీద ఊరూరా తిప్పిన టీకా వేసినా వేయనట్టే.

6. తుంటి కీలు: ఎక్కువ మందిని ముంచుతున్నది ఇదే

తొడ ఎముక తల, తుంటి గుంటలో బిగువుగా కూర్చోవాలి. లాబ్రడార్లలో ఇది వదులుగా పెరిగే లోపం వంశపారంపర్యంగా వస్తుంది. అయిదారు నెలలకు వెనక కాళ్లు రెండూ కలిపి కుందేలు గెంతినట్టు పరుగెత్తడం, ఒక పక్కకు ఒరిగి కూర్చోవడం, లేచేటప్పుడు ముందుకాళ్ల మీద బరువంతా వేసి లాక్కోవడం కనిపిస్తాయి. పెరిగాక కీలు అరిగి, కుక్క జీవితాంతం నొప్పి పడుతుంది. మోచేతి లోపం ముందుకాళ్ల కుంటు రూపంలో వస్తుంది.

ఇది కంటికి దొరకదు. ఏ ప్రమాణమూ, ఏ షో కప్పూ దీన్ని చెప్పదు. వంశవృక్షం కాగితం తాత ముత్తాతల పేర్లు చెబుతుంది, తుంటి గురించి ఒక్క అక్షరం చెప్పదు. తెలుసుకోవడానికి ఎక్స్‌రే ఒక్కటే దారి. కుక్కకు మత్తిచ్చి వెల్లకిలా పడుకోబెట్టి, రెండు వెనక కాళ్లను సమంగా చాపి, మోకాళ్లు లోపలికి తిరిగేటట్టు పట్టి తీయాలి. కాళ్లు వంకరగా ఉంటే మంచి తుంటి చెడ్డదిగా, చెడ్డది మంచిదిగా కనిపిస్తుంది. ఏడాది నిండాక తీసిందే లెక్క. ఎఫ్‌సీఐ పద్ధతిలో ఏ నుంచి ఈ దాకా గ్రేడ్లు, ఏ అంటే మంచిది. బ్రిటిష్ పద్ధతిలో రెండు తుంట్లకూ కలిపి 0 నుంచి 106, ఎంత తక్కువైతే అంత మేలు. మోచేతులకు 0 నుంచి 3.

వంశంతో పాటు పెంపకం కూడా చెడగొడుతుంది. కొత్త ఇళ్లలో నున్నటి టైల్స్, పాలిష్ గ్రానైట్ మీద పిల్ల నిలదొక్కుకోలేక వెనక కాళ్లు పక్కలకు జారుతాయి. షాబాద్ బండలు, గరుకు సిమెంటు గచ్చు నయం. టైల్స్ తప్పవంటే పిల్ల తిరిగే చోట రబ్బరు చాపలు పరవాలి. ఏడాది నిండేదాకా మెట్లు ఎక్కించి దించడం, మోటార్‌సైకిల్ మీంచి దూకించడం మానాలి. కంపెనీ దాణా తింటున్న పిల్లకు పైనుంచి క్యాల్షియం సిరప్ పోయడం పెద్ద తప్పు. పెద్ద జాతి పిల్లలు అవసరానికి మించిన క్యాల్షియంను వదిలించుకోలేవు, ఎముక ఎదుగుదల దారి తప్పుతుంది. దాణాతో పాటు ఈ సీసా కూడా చేతిలో పెట్టే అమ్మకందార్లున్నారు, వారికి ఇది ప్రత్యేకంగా చెబుతున్నాం.

ఎక్స్‌రేకు తోడు రక్తం లేదా చెంప తడితో చేసే డీఎన్ఏ పరీక్షలు రెండు ముఖ్యం. ఒకటి, గట్టిగా పరుగెత్తిన అయిదు నుంచి పదిహేను నిమిషాల్లో వెనక కాళ్లు చచ్చుబడే ఈఐసీ జబ్బుకు. రెండోది, మొదట రాత్రిచూపు, తర్వాత పూర్తి చూపు పోగొట్టే పీఆర్ఏకు. రెండూ తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపం వస్తేనే బయటపడతాయి. కాబట్టి లోపాన్ని మోసే కుక్కను పక్కన పడేయనక్కర్లేదు, లోపం లేని దానితో జతకట్టిస్తే ఆ జబ్బున్న పిల్ల పుట్టదు. కావాల్సింది పరీక్ష, ఫలితం దాచకుండా చూపించడం.

7. బరువు, తిండి, ఎండ

లాబ్రడార్ ఆకలికి కొంత కారణం దాని రక్తంలోనే ఉంది. పీఓఎంసీ అనే జన్యువులో చిన్న ముక్క పోయిన లాబ్రడార్లకు కడుపు నిండిన సంగతి సరిగా తెలియదని 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు చూపించారు. వాళ్లు చూసిన కుక్కల్లో దాదాపు నాలుగో వంతుకు ఈ లోపం ఉంది. కాబట్టి "అడిగినంత పెడుతున్నాం" అన్నది ప్రేమ అనిపించుకోదు. అమెరికాలో లాబ్రడార్ల మీదే జీవితాంతం సాగిన ఒక ప్రయోగంలో, తోబుట్టువుల కన్నా 25 శాతం తక్కువ తిన్న కుక్కలు మధ్యస్థంగా 1.8 ఏళ్లు ఎక్కువ బతికాయి. కీళ్ల అరుగుదల కూడా వాటికి ఆలస్యంగా వచ్చింది.

మన ఇళ్లలో పొద్దునా మాపునా పెరుగన్నం, వారానికోసారి చికెన్ సెంటర్ నుంచి తెచ్చిన కాళ్లు, తలకాయలు. అన్నం పిండి పదార్థం ఇస్తుంది, కండకు కావాల్సిన మాంసకృత్తులు సరిపోవు. అందుకే లావుగా ఉండి వెనక తొడల్లో కండ లేని కుక్కలు కనిపిస్తున్నాయి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన, రోజూ ఓ మోస్తరుగా నడిచే 30 కిలోల కుక్కకు రోజుకు 1,250 నుంచి 1,450 కేలరీలు చాలు. వండిన అన్నం వంద గ్రాములకు 130 కేలరీలు. తూచి పెట్టండి, గిన్నె నిండా అనే కొలత వద్దు.

షోల సంగతి కూడా ఇక్కడే. బ్రిటన్‌లోని క్రఫ్ట్స్ అనే డాగ్ షోలో బహుమతులు పొందిన కుక్కల ఫొటోలు చూసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో లాబ్రడార్లలో సగానికి పైగా అధిక బరువువేనని తేలింది. ప్రమాణం రాసుకున్న దేశంలోనే న్యాయనిర్ణేతలు దాని మొదటి వాక్యం మరిచిపోతే, వాళ్లను చూసి నేర్చుకునే మన షోలు ఎట్లుంటాయో చెప్పక్కర్లేదు.

నల్లగొండ ఎండ 44 డిగ్రీలు దాటే రోజుల్లో రెండు పొరల బొచ్చున్న ఈ కుక్క వగర్చడం తప్ప వేడి వదిలించుకునే మార్గం పెద్దగా లేదు. కొవ్వు దాన్ని ఇంకా మూసేస్తుంది. శరీర వేడి 41 డిగ్రీలు దాటితే ప్రాణం మీదికి వస్తుంది. బొచ్చు గొరిగించొద్దు, ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది. నడక తెల్లవారక ముందు, చీకటి పడ్డాక. తారు రోడ్డు మీద అరచేతి వెనకభాగం ఏడు సెకన్లు ఆనించలేకపోతే కుక్కను నడిపించొద్దు.

8. చట్టం ఏం చెబుతుంది

1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద కేంద్రం 2017లో కుక్కల సంతానోత్పత్తి, విక్రయ నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం కుక్కలను ఈనించి అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు కావాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. 18 నెలలు నిండని ఆడకుక్కను జతకట్టించకూడదు. ఏడాదికి ఒక్క ఈతే, జీవితంలో ఐదు ఈతలకు మించకూడదు. పిల్లకు మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే నంబరు చిప్పు) ఉండాలి, టీకాలు వేయాలి, అమ్మకాల లెక్కలు రాసిపెట్టాలి.

మన దగ్గర ఏం జరుగుతోంది? మొదటి ఎదకే జత కట్టిస్తున్నారు, ఎదకొచ్చిన ప్రతిసారీ ఈనిస్తున్నారు. అయిదారేళ్లకు పొదుగులు వేలాడి, ఒళ్లంతా గోమార్లతో, ఇక పనికిరాదనుకున్న తల్లికుక్కను జాతీయ రహదారి పక్కన దించిపోతున్నారు. మెడలో తెగిన బెల్టుతో తిరిగే లాబ్రడార్ ఎవరిదో చిప్పు ఉంటే తెలిసేది. చిప్పు లేదు, ఉన్నా చదివే రీడరు దగ్గర్లో ఉండదు. ఇక శిక్షకొస్తే, మూల చట్టంలోని 11వ సెక్షన్ కింద మొదటి తప్పుకు జరిమానా పది నుంచి యాభై రూపాయలు. ఒక్క పిల్ల ధరలో అది చిల్లర కూడా కాదు. కాబట్టి నమోదు, తనిఖీ, రద్దు ఈ మూడే పనికొచ్చే ఆయుధాలు, అవి మీ చేతుల్లోనే ఉన్నాయి.

మా డిమాండ్లు

1. ఈ రెండు ఉమ్మడి జిల్లాలు విడిపోయి ఏర్పడిన ఎనిమిది జిల్లాల్లో నమోదైన కుక్కల పెంపకందార్ల జాబితాను ప్రతి జిల్లా పశువైద్యశాల నోటీసు బోర్డు మీద తెలుగులో పెట్టాలి. జాబితాలో ఎవరూ లేకపోతే ఎవరూ లేరని రాసి పెట్టాలి, అది కూడా జనానికి తెలియాలి.

2. ప్రతి జిల్లా కేంద్రంలో కనీసం ఒక ప్రభుత్వ పశువుల దవాఖానాకు 134.2 కిలోహెర్ట్జ్ మీద పనిచేసే మైక్రోచిప్ రీడరు ఇవ్వాలి. 15 అంకెల నంబరు, యజమాని ఊరు, ఫోన్ రాసుకునే రిజిస్టరు పెట్టాలి.

3. తుంటి, మోచేతి ఎక్స్‌రేను సరైన పద్ధతిలో తీసే ఏర్పాటు రెండు ఉమ్మడి జిల్లాల్లో ఒక్కో చోటైనా కావాలి. యంత్రం ఉన్నచోట మత్తిచ్చి సరైన భంగిమలో తీయడంలో సిబ్బందికి రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలో శిక్షణ ఇప్పించండి. రైతు ఆవుకూ బర్రెకూ ముందు చూపు ఉండాలన్నది మాకూ తెలుసు, ఆ పనికి అడ్డం రాకుండా వారంలో ఒక పూట కేటాయిస్తే చాలు.

4. అమ్మకందార్లు ప్రతి పిల్లతో ఒక పేజీ రసీదు ఇవ్వాలి. అందులో పుట్టిన తేదీ, చిప్పు నంబరు, తల్లి వయసు, అది ఎన్నో ఈత, తల్లిదండ్రుల ఎత్తు, బరువు, తుంటి గ్రేడు, వేసిన టీకాల బ్యాచ్ నంబర్లు ఉండాలి. పరీక్ష చేయించకపోతే చేయించలేదని రాయాలి. తల్లిని చూపించకుండా పిల్లను అమ్మొద్దు. బస్సులో పెట్టెలో పంపడం ఆపాలి.

5. డాగ్ షో నిర్వాహకులు రింగులోకి పోయే ముందు ఎత్తు కొలిచే స్టాండు, కాటా పెట్టి, లాబ్రడార్ల అంకెలను బోర్డు మీద రాయాలి. నడుము కనిపించని కుక్కకు బహుమతి ఇస్తే ఎందుకిచ్చారో న్యాయనిర్ణేత రాతలో చెప్పాలి.

6. ఎనిమిది వారాలు నిండని పిల్లల అమ్మకం మీద ఫిర్యాదు వస్తే ఎవరు తీసుకోవాలి, ఎన్ని రోజుల్లో తనిఖీ చేయాలి అన్నది ఒక్క ఉత్తర్వులో తేల్చండి. మమ్మల్ని ఒక బల్ల దగ్గరి నుంచి ఇంకో బల్లకు తిప్పొద్దు. నిబంధన తప్పినవారి నమోదు రద్దు చేసి, ఆ వివరం అదే నోటీసు బోర్డు మీద పెట్టండి.

7. ఈనించడం అయిపోయిన తల్లికుక్కల బాధ్యత జీవితాంతం పెంపకందారుదే అని నమోదు పత్రంలోనే సంతకం తీసుకోవాలి.

ఈ పనుల్లో మొదటిదానికీ ఆరోదానికీ ఖర్చు లేదు, వాటిని ముప్పై రోజుల్లో చేయవచ్చు. కొలతల పద్ధతి, రసీదు నమూనా తెలుగులో తయారుచేసి ఇవ్వడానికి, దవాఖానా సిబ్బందికి చిప్పు పెట్టడం, చదవడం చూపించడానికి మేం సిద్ధం. తనిఖీకి పిలిస్తే టేపు, మూలమట్టం మేమే తెస్తాం. గడువులోగా రాతపూర్వక జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద ప్రతి జిల్లాలో నమోదుల సంఖ్య, తనిఖీల సంఖ్య అడుగుతాం, వచ్చిన జవాబులను ఉన్నవి ఉన్నట్టు బయటపెడతాం.

ఇట్లు,
ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల లాబ్రడార్ పెంపకందార్లు, పశువైద్య సిబ్బంది, శిక్షకులు